‘ఎవరు రాలేదు?’ అని అడిగిన సిస్టరమ్మ

గత నెలలో ఒక మంగళవారం, భోజనాల వేళ, ఒమాన్‌లో, బర్కాలోని మా కంపెనీ స్టోర్‌లో కొత్తగా వచ్చిన కేబుళ్ళు దింపిస్తుంటే ఫోన్ మోగింది. క్లినిక్ రిసెప్షన్‌లో కూర్చునే ఒమానీ పెద్దాయన. ఆయన నాకు ఎప్పుడూ ఫోన్ చేసిన మనిషి కాదు. సలాం చెప్పి, “సిస్టర్... అల్లాహ్ యర్‌హమ్‌హా” అన్నాడు. దేవుడు ఆమెను కరుణించుగాక అని. ఈ దేశంలో ఇన్నేళ్ళు ఉన్నవాణ్ణి, ఆ మాట ఎవరి గురించి అంటారో నాకు విడమర్చి చెప్పనక్కర్లేదు. పోయినవాళ్ళ గురించే అంటారు.

ఆ రోజు ఉదయం ఆమె డ్యూటీకి రాలేదట. పక్క ఫ్లాట్‌లో ఉండే మలయాళీ నర్సు తలుపు తట్టింది. పలకలేదు. తలుపు తీయించి చూస్తే, డ్యూటీకి తయారై, బూట్లు వేసుకుని, కుర్చీలో కూర్చుని ఉంది. గుండె ఆగిపోయింది.

నేను ఆమె చుట్టాన్ని కాను. ఆమెది గోదావరి జిల్లా, నాది జగిత్యాల వైపు ఊరు. ఆమె పేరు ఇక్కడ రాయను. ఆమె పేరు నాకు తెలిసిందే చాలా ఆలస్యంగా. మా అందరికీ ఆమె సిస్టరమ్మ. చర్మరోగాల డాక్టరమ్మ దగ్గర నర్సు. పొట్టి మనిషి, నెరిసిన జుట్టు బిగించి ముడి వేసుకునేది, కళ్ళద్దాలకు నల్లతాడు కట్టుకునేది. క్లినిక్‌లో చివరి గది ఆమెది. గదిలోకి వెళ్ళినవాళ్ళను ముట్టుకునేముందు రెండు అరచేతులూ గట్టిగా రుద్దుకునేది. “ఏసీలో చేతులు మంచుముక్కల్లా ఉంటాయి నాయనా, ఉలిక్కిపడతారు” అనేది. కానీ ఆమె దగ్గరికి వెళ్ళేవాళ్ళలో ఉలిక్కిపడనివాళ్ళు కొందరుండేవారు. ఆమె వెతికేది వాళ్ళకోసమే. నేను అలాంటివాళ్ళలో ఒకణ్ణి.

తొమ్మిదేళ్ళ కిందటి మాట. అప్పుడు నేను ఎలక్ట్రీషియన్‌ని. సైట్‌లో గోడకు రంధ్రాలు వేస్తూ, డ్రిల్లు బిట్టు మార్చడానికి తీసి, ఎడమచేతి చివరి రెండు వేళ్ళ మధ్య ఇరికించుకుని ఇంకో బిట్టు వెతుక్కుంటున్నాను. అప్పుడే వాడిన బిట్టు అది, నిప్పులా ఉంది. పక్కన నిచ్చెన మీదున్న మనిషి “ఏందే వాసన?” అని అరిస్తే వాసన ఎక్కడిదా అని నేనూ చుట్టూ చూశాను. ఆ తరువాతే నా చెయ్యి చూసుకున్నాను.

ఫోర్‌మన్ క్లినిక్‌కి పంపాడు. కాలిన చోట మందు రాస్తూ సిస్టరమ్మ అడిగింది. “ఎలా కాలింది?”

“తెల్వది సిస్టర్.”

ఆమె చెయ్యి ఆగిపోయింది. దూది అలాగే పట్టుకుని నా ముఖం కేసి చూసింది. “మళ్ళీ చెప్పు” అంది.

“కాలుతున్నట్టు తెల్వలేదు సిస్టర్. ఆ రెండు వేళ్ళు జరంత మొద్దుగుంటయి. చానా దినాల నుంచి.”

ఆమె లేచి తలుపు వేసి వచ్చింది. నా మోచెయ్యి మడిచి, వెనక ఎముక పక్కన వేళ్ళతో తడిమింది. అక్కడ నరం ఉంటుంది, మనందరికీ దెబ్బ తగిలితే జివ్వుమనేది. నాది తాడులా లావెక్కి ఉందట. ముంజేతి మీద నేను ఏడాదిగా తామర అనుకుని ఆయింట్‌మెంట్లు రాసుకుంటున్న పాలిపోయిన మచ్చను చూసింది. దూదిని వత్తిలా పేనింది. “కళ్ళు మూసుకో. నేను ముట్టుకున్నచోట వేలు పెట్టి చూపించు” అంది.

కళ్ళు మూసుకున్నాను. నుదుటి మీద ముట్టుకుంది, చూపించాను. భుజం మీద ముట్టుకుంది, చూపించాను. ఆ తరువాత చాలాసేపు ఏమీ జరగలేదు. ఇంకా మొదలుపెట్టదేమా అనుకుంటూ కూర్చున్నాను. “కళ్ళు తెరువు” అంది. తెరిచి చూస్తే దూదివత్తి నా మచ్చ మీదే ఉంది. అటూ ఇటూ కదుపుతూనే ఉంది.

చదువుతున్న మీకు అది చిన్న సంగతిలా అనిపించవచ్చు. నా శరీరంలో ఒక ముక్క నాకు చెప్పకుండా ఎప్పుడో వెళ్ళిపోయిందని ఆ క్షణంలో తెలిసింది. ఇప్పటికీ ఎవరైనా కళ్ళు మూసుకోమంటే నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

డాక్టరమ్మ వచ్చి చూసింది. చెవి తమ్మె నుంచి పరీక్షకు తీసుకుంది. తరువాత ఆ రోగం పేరు నాకు నా భాషలో చెప్పింది సిస్టరమ్మే. మా ఊళ్ళో పెద్దరోగం అంటారు, ఆ మాట కూడా గొంతు తగ్గించి అంటారు. ఆమె తగ్గించలేదు. “కుష్టు. దానికి పేరుంది, మందూ ఉంది. ఆరు నెలలు మాత్రలు వేసుకుంటే పోతుంది. మందు మొదలెట్టిన కొద్దిరోజులకే నీ నుంచి ఎవరికీ అంటదు” అంది.

“నన్ను ఇంటికి పంపుతరా సిస్టర్?”

“ఏమవుద్దో నేను చెప్పలేను బాబూ. అబద్ధం చెప్పను. మందు మొదలెట్టకపోతే ఏమవుద్దో మాత్రం చెప్పగలను.”

నన్ను పంపలేదు. డాక్టరమ్మ రాసిన కాగితం వల్లనో, సిస్టరమ్మ తన సెలవురోజున మా కంపెనీ ఆఫీసుకు వచ్చి మేనేజర్ ఎదుట కూర్చున్న గంటసేపటి వల్లనో నాకు తెలియదు. లోపల ఏం మాట్లాడిందో ఎప్పుడూ చెప్పలేదు. ఆ మరునాడు నన్ను వైర్ల పని నుంచి తీసి స్టోర్‌లో వేశారు. నా చీటీ మీద ‘ఎడమచేతి నరం బలహీనంగా ఉంది, కరెంటు పని ఇవ్వవద్దు’ అని ఉంది. అందులో అబద్ధం లేదు. అవసరానికి మించిన ఒక్క మాటా లేదు.

నెలకొకసారి ఆమె ఎదుటే మొదటి మోతాదు మింగాలి. మిగతావి అట్టమీద వరసగా ఉండేవి, రోజుకొకటి. మింగిన రోజు మూత్రం ఎర్రగా వచ్చేది. ముందే చెప్పింది కాబట్టి బెదరలేదు. ఒళ్ళు నల్లబడింది. ఎండకు మాడినావేందిరా అని రూమ్‌లో నవ్వేవారు, నేనూ నవ్వేవాణ్ణి. వెళ్ళిన ప్రతిసారీ ఆమె నా రెండు అరచేతులూ తిప్పించి చూసేది, బూట్లు విప్పించి పాదాలు చూసేది. ఆ బూట్లలో చెయ్యి పెట్టి రాయో మేకో ఉందేమో తడిమేది. “చెయ్యి చెప్పని సంగతి కన్ను చెప్పాలి. రోజూ సాయంత్రం చూసుకో. నిద్రకు కళ్ళు మూతపడుతున్నా సరే, చూసుకోకుండా పడుకోకు” అనేది.

ఆమెకు నొప్పి అనే మాట ఎన్ని భాషల్లో వచ్చో నాకు తెలియదు. బెంగాలీవాణ్ణి “బ్యథా?” అని, నేపాలీవాణ్ణి “దుఖ్‌ఛ?” అని, పఠాన్లను తన గోదావరి యాసలోని హిందీలో “దర్ద్ హై?” అని అడిగేది. అవును అంటే ముఖం వికసించేది. నొప్పి ఉందంటే సంతోషించే నర్సును నేను ఇంకెక్కడా చూడలేదు. “నొప్పి మంచి చుట్టం రా. రాకపోతేనే కబురు పెట్టాలి” అనేది.

ఇంతవరకూ చెప్పింది ఆమె నాకు చేసింది. ఇక నేను చేసింది చెప్పాలి. చెప్పకపోతే ఈ నాలుగు ముక్కలూ రాసి ప్రయోజనం లేదు.

నాకు రోగం తేలిన వారానికి సిస్టరమ్మ అడిగింది. “మీ రూమ్‌లో ఎంతమంది?”

“ఎనిమిది మందిమి.”

“ఎన్నేళ్ళుగా కలిసి ఉంటున్నారు?”

“అయిదారేండ్ల నుంచి.”

“నీకు ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో, నీ దగ్గర్నుంచి ఎవరికైనా పోయిందో చూడాలి. ఏళ్ళు పడుతుంది ఇది బయటపడటానికి. శుక్రవారం అందరినీ తీసుకురా. చర్మం పరీక్ష అని చెప్పు, చాలు.”

మా రూమ్‌లో మల్లేశం ఉండేవాడు. మా పక్క ఊరివాడే. టైల్స్ పని. వరస కలిపి బావా అని పిలుచుకునేవాళ్ళం. నా కింది మంచం అతనిది. అతని తొడ మీద అరచెయ్యంత మచ్చ ఉందని నాకు తెలుసు, స్నానాల దగ్గర చూశాను. ఒకసారి బూటులోకి మేకు దిగితే దాంతోనే సాయంత్రం దాకా పని చేసి, మేజోడు తడిగా ఉందేమిటా అని విప్పి చూసుకుని, “తెల్వనే తెల్వలే బావా” అని నవ్వాడు. అప్పుడు నేనూ నవ్వాను. నా సంగతి తేలాక ఆ నవ్వు గుర్తొచ్చి నాకు అన్నం సహించలేదు.

గురువారం పొద్దున, డ్యూటీ బస్ కోసం నిలబడ్డప్పుడు, అతణ్ణి పక్కకు తీసుకుపోయి చెప్పాను. నా సంగతీ చెప్పాను, అతని సంగతీ చెప్పాను.

“బావా, మా తాతకు గదే అయింది” అన్నాడు. “ఊరి బయట చేన్ల గుడిసె ఏసిచ్చిండ్రు. మా అవ్వ అన్నం పెట్టి, గిన్నెను కట్టెతోటి జరిపేది. నేను చిన్నప్పుడు చూసిన. మా తాత ఆ గిన్నె దిక్కు చూడకపోయేటోడు, కట్టె దిక్కు చూసేటోడు. నీ కాళ్ళు మొక్కుత, నా పేరు జెప్పకు. నేను రాను.”

“మందున్నది బావా. నేను మింగుతలేనా?”

“నువ్వు మింగు. నాకేం గాలేదు.”

శుక్రవారం ఆరుగుర్ని వెంటబెట్టుకుని వెళ్ళాను. మల్లేశం ఓవర్‌టైమ్ ఉందని సైట్‌కి పోయాడు. సిస్టరమ్మ ఒక్కొక్కరినీ లోపలికి పిలిచి, చొక్కాలు విప్పించి, వెలుతురులో నిలబెట్టి చూసింది. ఎవరికీ ఏమీ లేదు. అందరికీ ముందుజాగ్రత్తగా మాత్రలు ఇప్పించింది. చివర్లో నా దగ్గరికి వచ్చి, చేతులు తుడుచుకుంటూ అడిగింది.

“అందరూ వచ్చారా?”

“అందరు వచ్చిండ్రు సిస్టర్.”

నాతో కలిపి ఏడుగురం ఉన్నాం. ఎనిమిది మందిమని ఆమెకు చెప్పింది నేనే. ఆమె మరిచిపోయింది, లేదా నన్ను నమ్మింది. నమ్మిందనే అనుకుంటాను.

ఆ తరువాత మూడు నెలలకు మల్లేశాన్ని బహ్లా సైట్‌కి మార్చారు. అతనే అడిగి వేయించుకున్నాడని తరువాత తెలిసింది. నా ముఖం రోజూ చూడలేక పోయి ఉంటాడు. నేను మాత్రం కింది మంచం ఖాళీ అయిన రోజు తేలికపడ్డాను. ఆ మాట రాయడానికి సిగ్గుగా ఉంది.

నా ఆరు నెలలూ అయ్యాయి. మచ్చ మీద వెంట్రుకలు మళ్ళీ మొలిచాయి. రెండు వేళ్ళకు స్పర్శ పూర్తిగా రాలేదు గాని, బలం వచ్చింది. సిస్టరమ్మ నాచేత రబ్బరు బంతి పిసికించి పిసికించి తెప్పించింది. మల్లేశం ఫోన్‌లో దొరికినప్పుడల్లా “మంచిగున్న బావా, నువ్వు మంచిగున్నవా?” అనేవాడు. మచ్చ గురించి అడగబోతే డ్యూటీ ఉందని పెట్టేసేవాడు. రాన్రాను నేను అడగడం మానేశాను.

రెండున్నరేళ్ళు గడిచాయి. ఒకసారి సామాను లోడుతో నేనే బహ్లా వెళ్ళాల్సి వచ్చింది. దింపడం అయ్యాక మల్లేశం ఎక్కడని అడిగితే, అక్కడి మనిషి ముక్కు చిట్లించి, క్యాంపు వెనక్కి చెయ్యి చూపించాడు. వాటర్ ట్యాంకు నీడలో కూర్చుని ఉన్నాడు. ఒక్కడే. ముందు నేను చూసింది అతని ముఖం. కనుబొమల చివర్లు రాలిపోయి ఉన్నాయి, చెవులు దళసరెక్కాయి. నన్ను చూసి లేవబోయాడు. లేవలేదు. కుడిపాదానికి పాత లుంగీ గుడ్డ చుట్టి ఉంది. దగ్గరికి వెళ్తుంటే వాసన వచ్చింది. టీ గ్లాసు పట్టుకోబోతే రెండు చేతుల వేళ్ళూ ముడుచుకునే ఉన్నాయి, కొంకర్లు పోయి. గ్లాసును రెండు మణికట్ల మధ్య పెట్టుకుని తాగాడు.

“నొస్తుందా బావా?” అన్నాను. ఎందుకు అడిగానో తెలియదు.

“లే బావా. ఏం నొయ్యది” అన్నాడు. “అదే మంచిగున్నది.”

ఆ రోజే అక్కడి ఫోర్‌మన్‌తో మాట్లాడి, అతణ్ణి నా పక్క సీట్లో కూర్చోబెట్టుకుని బర్కాకు బయలుదేరాను. రెండు గంటల పైచిలుకు దారి. వాసనకు అద్దం దింపాలనిపించింది. దింపితే అతనికి తెలుస్తుంది. దింపలేదు. ఆ రెండు గంటలు నాలో ఇంకా నడుస్తూనే ఉన్నాయి. ఇప్పటికీ ఆ రోడ్డు మీద వెళ్తే పక్క సీటు వైపు చూడలేను.

సిస్టరమ్మ ఏమీ అడగలేదు. తొట్టిలో గోరువెచ్చని నీళ్ళు పోసి, వేడి తన మోచేతితో చూసుకుని, అతని పాదం అందులో పెట్టి నేల మీద కూర్చుంది. చుట్టిన గుడ్డ అతుక్కుపోయింది. నీళ్ళు పోస్తూ, నానబెడుతూ, చాలాసేపు విప్పింది. మల్లేశం తల తిప్పుకుని గోడ కేసి చూస్తున్నాడు. “ఇటు చూడు నాయనా. నీ కాలే కదా. నువ్వు చూడకపోతే అది ఎవరికి చెప్పుకుంటుంది?” అంది. అతను చూశాడు. చూసి, పిల్లాడిలా ఏడ్చాడు. ఆమె కడగడం ఆపలేదు. ఏడవవద్దనీ అనలేదు.

పుండు ఎముక దాకా పోయింది. పెద్దాసుపత్రిలో రెండు కాలివేళ్ళు తీసేశారు. మాత్రలు ఏడాది పాటు వేసుకోవాలన్నారు. రోగం పోతుంది, పోయిన నరాలు మాత్రం రావు అని డాక్టరమ్మ చెప్పింది.

ఆసుపత్రిలో చేర్చిన మరునాడు సిస్టరమ్మ నన్ను క్లినిక్ వెనక్కి తీసుకుపోయింది. పాత పెయింటు డబ్బాల్లో అక్కడ కరివేపాకు పెంచేది. నీళ్ళు పోస్తూ, నా వైపు తిరగకుండానే అడిగింది.

“ఆ శుక్రవారం అందరూ వచ్చారా అని అడిగాను కదూ నిన్ను?”

“అడిగిండ్రు.”

“వీడికి అప్పుడే ఉందా?”

“ఉన్నది సిస్టర్. నాకు ఎరుకే.”

ఆమె చెంబు కింద పెట్టింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. పక్కనున్న ఖాళీ డబ్బా బోర్లించి దాని మీద కూర్చుంది, నన్నూ కూర్చోమంది. అప్పుడు చెప్పింది.

చాలా ఏళ్ళ కిందట ఆమె ఈ దేశంలోనే సూర్ అనే ఊళ్ళో ఒక చిన్న క్లినిక్‌లో పని చేసేది. అప్పటికి చర్మరోగాల సంగతి పెద్దగా తెలియదు, కట్లు కట్టడం, సూదులు వేయడం అంతే. కడప వైపు నుంచి వచ్చి ఎవరింట్లోనో వంటపని చేసే ఒకామె చేతివేళ్ళు కాల్చుకుని వచ్చింది. కట్టు కట్టి పంపింది. నెలకు మళ్ళీ వచ్చింది, మళ్ళీ అవే వేళ్ళు. మూడోసారి వచ్చినప్పుడు సిస్టరమ్మకు కోపం వచ్చింది.

“పనిలో ధ్యాస ఉండక్కర్లేదా, చెయ్యి కాలుతుంటే తెలీదా అని అరిచాను. ‘నిజంగా తెల్లేదు మా’ అంది. రెండుసార్లు అంది ఆ మాట. నేను సాకు అనుకున్నాను. తన రోగమేంటో తనే నా చెవిలో చెప్పింది, నేనే వినలేదు. మరుసటేడు ట్రైనింగ్‌లో వేడి తగిలినా తెలియని చేతుల గురించి పాఠం చెబుతుంటే, క్లాసు మధ్యలో లేచి బయటికొచ్చేశాను. సూర్ వెళ్ళి ఆ ఇల్లు వెతుక్కున్నాను. పని చేయలేకపోతోందని పంపేశారట. ఊరు పేరు ఎవరికీ తెలీదు. కడప అన్నారంతే. కడపలో ఎక్కడని వెతకను?”

నేను కాలిన చేతితో వచ్చిన రోజు, తెల్వది సిస్టర్ అన్నప్పుడు, ఆమె చెయ్యి ఎందుకు ఆగిపోయిందో నాకు అప్పుడర్థమైంది. ఆ ఒక్క మాట వినడానికే ఆమె చర్మరోగాల వైపు వచ్చి, ఆ చివరి గదిలో అన్నేళ్ళు కూర్చుంది.

“నాది తప్పే సిస్టర్” అన్నాను.

“తప్పే” అంది. “కాదని నేనెందుకంటాను? కానీ నా అడగడంలో కూడా ఉంది. అందరూ వచ్చారా అంటే ఎవరైనా అవుననే అంటారు. అది జవాబు చేతిలో పెట్టి అడగడం. ఇకమీదట అలా అడగను.”

అడగలేదు. ఆ తరువాత ఎవరి రూమ్‌మేట్లను పిలిపించినా ఆమె ఒకటే అడిగేది. “ఎవరు రాలేదు?” అని, ఆగేది. ఆ ఆగడం భరించడం కష్టం. మనిషి నేల చూపులు చూసేవాడు, గొంతు సవరించుకునేవాడు, చివరికి ఒక పేరు చెప్పేవాడు. ఆ పేరున్నవాడి దగ్గరికి ఆమే వెళ్ళేది, శుక్రవారాలు, క్యాంపులకూ తోటల్లోని రూములకూ. తెలుగువాళ్ళున్న చోటికి నన్ను తోడు రమ్మనేది. నేను ముందు వెళ్ళి నా ఎడమచెయ్యి చూపించి, “నాకయింది, పోయింది” అని చెప్పాలి. అది నా డ్యూటీ. మొదటిసారి నోరు పెగలలేదు. గుమ్మంలోనే నిలబడిపోయాను. ఆమె వెనక నుంచి నా వీపు మీద చెయ్యి వేసింది. ఎంతసేపైనా నిలబడదాం అన్నట్టు ఊరికే వేసి ఉంచింది. చెప్పాను.

అలా వెళ్ళిన చోట్ల మల్లేశాలు దొరికారు. కొందరు తలుపు వేసుకున్నారు. ఒకడు వెనక గోడ దూకి పారిపోయాడు. అతను పారిపోతుంటే చూస్తూ సిస్టరమ్మ అన్న మాట నాకు ఇంకా వినబడుతుంది. “కాళ్ళకు స్పర్శ ఉంది, బాగానే పరుగెడుతున్నాడు. మళ్ళీ వారం వద్దాం.” మళ్ళీ వారం వెళ్ళాం. ఆ పై వారమూ వెళ్ళాం. మూడోసారి అతనే బయట కుర్చీ వేసి ఉంచాడు.

ఆమె నన్ను క్షమించిందా అంటే చెప్పలేను. ఆ మాట మా మధ్య మళ్ళీ రాలేదు. పని చెప్పింది, అంతే. ఇప్పుడు క్యాంపు బస్ కదిలేముందు డ్రైవర్ వెనక్కి తిరిగి “సబ్ ఆ గయా?” అని, అందరూ వచ్చారా అని అరుస్తాడు రోజూ. అందరూ అవునంటారు. నేను మాత్రం సీట్లన్నీ ఒకసారి చూసిగాని అవుననలేను. అంగట్లో కూరగాయలు ఏరుకునే ఆడవాళ్ళ యాస కడప యాసలా వినిపిస్తే, తెలియకుండానే వాళ్ళ వేళ్ళ వైపు చూపు పోతుంది. ఆ ఒకామె ఇప్పుడు ఎక్కడుందో, ఉందో లేదో. సిస్టరమ్మ వెతుకులాట నాకు అంటుకుంది. దీనికి మందు లేదు.

మల్లేశం ఏడాది మందులు పూర్తి చేసి ఊరికి పోయాడు. సిస్టరమ్మ కుట్టించి ఇచ్చిన మెత్తటి చెప్పులతో పోయాడు. ఊళ్ళో కిరాణా కొట్టు పెట్టుకున్నాడు. అతని భార్య అతని పాదాలు రోజూ చూస్తుందట. ఎవరూ గుడిసె వేయలేదు. సిస్టరమ్మ పోయిన సంగతి అతనికి ఫోన్‌లో చెప్పాను.

“బావా, ఆమెకు ఒక్కసారన్న దండం పెడుదామనుకున్న” అన్నాడు. “నా రెండు చేతులు కలువయి గదా. ఎట్ల పెట్టాల్నో తెల్వక ఊకున్న. ఇప్పుడు అనిపిస్తుంది, ఎట్లనో అట్ల పెడితే అయిపోతుండె.”

నన్ను అతను ఎప్పుడూ ఒక్క మాట అనలేదు. “నేనే వద్దంటి గదా” అంటాడు. అనకపోవడమే నన్ను తింటుంది.

కాగితాలన్నీ అయ్యేసరికి నాలుగు రోజులు పట్టింది. శనివారం పొద్దున పది గంటలకు ఆమెను పెట్టెలో విమానాశ్రయానికి తీసుకుపోతారని రిసెప్షన్ పెద్దాయన చెప్పాడు. సెలవు పెట్టి వెళ్ళాను. ఆసుపత్రి మార్చురీ వెనక గేటు దగ్గర క్లినిక్‌వాళ్ళు, మలయాళీ నర్సులు, చర్చివాళ్ళు నలుగురు ఉన్నారు. వాళ్ళకు దూరంగా, ఎండలో, గోడ వెంబడి మగవాళ్ళు నిలబడి ఉన్నారు. తోటపని బట్టల్లో, సైట్ బట్టల్లో, ఒకడు టాక్సీ తాళాలు పట్టుకుని. బంగ్లావాళ్ళు, నేపాలీలు, మనవాళ్ళు ఇద్దరు ముగ్గురు, తలపాగాతో ఒక పఠాన్. ఎవరూ ఎవరితోనూ మాట్లాడటం లేదు. ఎవరూ ఎవరినీ నువ్వెందుకు వచ్చావని అడగలేదు. నేను కూడా వెళ్ళి ఆ గోడ పక్కనే నిలబడ్డాను.

పెట్టె బయటికి తెచ్చి వ్యాన్‌లో సగం దాకా నెట్టారు. అప్పుడు గోడ దగ్గర్నుంచి ఒక ముసలి బంగ్లా మనిషి కదిలాడు. ఖర్జూరం తోటల్లో పని చేసేవాడిలా ఉన్నాడు, కాలర్ మీద మట్టి. నేరుగా వెళ్ళి పెట్టె మీద చెయ్యి ఆనించాడు. అరచెయ్యి ఆనలేదు. వేళ్ళు లోపలికి ముడుచుకుపోయి ఉన్నాయి, మెటికలే ఆ చెక్కకు తగిలాయి. అలాగే ఉంచాడు. పెదవులు కదులుతున్నాయి గాని మాట వినబడలేదు. వ్యాన్ డ్రైవర్ కాసేపు ఆగి, మెల్లగా “యల్లా, బాబా” అన్నాడు, ఇక బయలుదేరాలని. పెట్టె లోపలికి జరిగింది, తలుపులు మూశారు, వ్యాన్ కదిలింది. ఆ ముసలాయన చెయ్యి మాత్రం పెట్టె ఉన్నంత ఎత్తులోనే, గాలిలో, అలాగే ఉండిపోయింది.